మిగిలిన పన్నెండు ఎత్తులు

ఆ వేళ పొద్దున్న గౌరీశంకరం పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఇంటికి రెండు వందల గజాల దూరంలో ఉన్న పోస్టు డబ్బా దాకా నడవాలి, ఒక కార్డు అందులో వేయాలి, తిరిగొచ్చి గంజి తాగాలి. మూడింటిలోనూ ఆయనకి కష్టమైన పని గంజి తాగడమే.

కొత్తపేట హైస్కూల్లో ముప్ఫై మూడేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన ఆయనకి, తన పొట్టలో క్లోమం అనే అవయవం ఒకటుందని అరవై ఒకటో ఏట తెలిసింది. ఉందని తెలిసిన రోజే, అది పనికిరాకుండా పోయిందని కూడా తెలిసింది. కాకినాడ డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, కళ్ళజోడు తుడుచుకుని, "మహా అయితే ఆరు నెలలండి" అన్నాడు. లెక్కల మాస్టారికి అంకె చెప్పడం ఆ డాక్టరు చేసిన పొరపాటు. బస్సులో తిరిగి వస్తూ వస్తూనే గౌరీశంకరం ఆ ఆరు నెలల్నీ ఎత్తుల్లోకి మార్చేశాడు.

ఎత్తులంటే చదరంగంలో ఎత్తులు. అమలాపురంలో పోస్టుమాస్టరుగా చేసి దిగిపోయిన కాశీవిశ్వనాథం తొమ్మిదేళ్ళ కిందట 'కోనసీమ పోస్టల్ చదరంగ సంఘం' అని ఒకటి పెట్టాడు. సభ్యులు పదకొండు మంది. ఎవరింట్లో వాళ్ళు బల్ల పరుచుకుని, ఒక ఎత్తు ఆలోచించి, కార్డు మీద రాసి పోస్టు చేస్తారు. అవతలివాడు తన బల్ల మీద ఆ పావు కదిపి, ఆలోచించి, జవాబు రాస్తాడు. ఒక ఎత్తు వెళ్ళి జవాబు రావడానికి పది రోజులు. ఇరవై ముప్ఫై మైళ్ళ దూరానికి పది రోజులేమిటని ఎవరూ అడగలేదు, ఎవరికీ తొందర లేదు కాబట్టి.

సంఘానికి ముఖ్యమైన నిబంధన ఒకటే. ఆట నడుస్తుండగా ఆటగాళ్ళిద్దరూ ఒకరినొకరు కలవకూడదు. మొదటి ఏడాది ఇద్దరు సభ్యులు మండపేటలో ఏదో పెళ్ళిలో పక్కపక్క విస్తళ్ళ ముందు కూర్చుని, గుత్తొంకాయ కూర దగ్గర మాటలు కలిపి, పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి ఆట సమానం చేసేసుకున్నారట. అప్పటినుంచీ ఈ కట్టడి. అందరికీ అందరితోనూ ఎప్పుడూ ఏదో ఒక ఆట నడుస్తూనే ఉంటుంది కాబట్టి, ఆ తర్వాత సంఘంవాళ్ళెవరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు.

ఆరు నెలలంటే నూట ఎనభై రోజులు. పదితో భాగిస్తే పద్దెనిమిది. "కాబట్టి నాకింక మిగిలినవి పద్దెనిమిది ఎత్తులండి" అని గౌరీశంకరం రాజోలు భీమరాజుకి రాశాడు, చమత్కారంగా ఉందనుకుని. ఆ చమత్కారానికి భీమరాజు ఏమీ జవాబు రాయలేదు. ఎత్తు మాత్రం రాశాడు.

భీమరాజు కొబ్బరి రైతు. తొమ్మిదేళ్ళలో ఇద్దరూ ఏడు ఆటలు ఆడారు. ఆరు భీమరాజు గెలిచాడు. ఏడోది సమానం, అది కూడా తుపానుకి కార్డులు కొట్టుకుపోవడం వల్ల. ఇప్పుడు నడుస్తున్నది ఎనిమిదో ఆట. ఇందులో గౌరీశంకరం మొట్టమొదటిసారిగా భీమరాజు ఏనుగుని ఊరికే తినేశాడు. ఇంక తొమ్మిదెత్తుల్లో గెలుపు తనదేనని లెక్క కట్టాడు. డాక్టరు చెప్పి రెండు నెలలైంది కాబట్టి చేతిలో ఉన్నవి పన్నెండు, కావలసినవి తొమ్మిది. మందు బిళ్ళల మీద లేని నమ్మకం ఆయనకి ఈ తీసివేత మీద ఉంది. పోయేలోగా భీమరాజుని ఒక్కసారి ఓడించాలి. అంతకుమించి ఆయన దేవుణ్ణి అడిగిందేమీ లేదు.

అలాంటిది, ఇరవై నాలుగు రోజులుగా భీమరాజు నుంచి కార్డు రాలేదు. ఇంకో నలభై రోజులు ఇలాగే గడిస్తే మిగిలేవి ఎనిమిదే. అందుకే ఆ పొద్దున్న గౌరీశంకరం గుర్తుచేస్తూ ఒక కార్డు, బోలెడంత మర్యాదగా, రాసుకుని చెప్పులేసుకున్నాడు.

"వెళ్తున్నా" అన్నాడు.

"వెళ్ళొస్తానని చెప్పండి" అంది భార్య వేదవతి వంటింట్లోంచి.

"రుజువు చూపించలేని మాట నేనెప్పుడైనా అన్నానా?"

కాకినాడ నుంచి వచ్చినప్పటినుంచీ ఆయన గుమ్మం దిగినప్పుడల్లా ఇదే హాస్యం. మొదటి వారం వేదవతి నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. ఆయన ఆ సంగతి గమనించలేదు.

పోస్టు డబ్బా దగ్గర అప్పలస్వామి ఉత్తరాలు తీస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ ఊరి పోస్టుమేన్ అతనే. వచ్చిన కార్డులన్నీ చదివే పంచుతాడు, ఆ సంగతి దాచుకోడు కూడా.

"ఇవాళ కూడా రాజోలు నుంచి ఏమీ లేదండి మాస్టారూ" అన్నాడు అప్పలస్వామి. "ఏనుగు పోయేక ఆయనగారికి చెయ్యాడ్డం లేదనుకుంటానండి."

"ఆడక ఎన్నాళ్ళు కూర్చుంటాడోయ్?"

"అదేనండి నేనూ అనుకుంటున్నాను. ఓడిపోయే ఆట ఎవరికి తొందరండి? అవతలి మనిషికి ఓపికున్నన్నాళ్ళూ ఆగితే..." అని అప్పలస్వామి అక్కడితో నాలిక కరుచుకుని, సంచీ సర్దుకుని, సైకిలెక్కేశాడు.

గౌరీశంకరానికి ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ తోచనే లేదు. తను పోతే ఆట అక్కడితో సరి. ఏడింటిలో ఆరు గెలిచిన రాజుగారి పరువు చెక్కు చెదరదు. అంటే ఆయన అక్కడ కొబ్బరి చెట్ల కింద కాళ్ళు చాపుకుని, తన క్లోమం ఎప్పుడు ఆట ముగిస్తుందా అని చూస్తున్నాడన్నమాట. అదే సమయానికి రాజోలు దారిలో గన్నవరం దాకా వెళ్ళే బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. రాసిన కార్డు జేబులోనే పెట్టుకుని గౌరీశంకరం బస్సెక్కేశాడు. కోపం ఇంత మంచి టానిక్కని కాకినాడ డాక్టరు ఆయనకి చెప్పలేదు.

గన్నవరంలో బస్సు మారుతున్నప్పుడు నిబంధన గుర్తొచ్చింది. ఆట నడుస్తుండగా కలవకూడదు. దానికి దారి కూడా అక్కడే దొరికింది. తను గౌరీశంకరంగా వెళ్ళడం లేదు. గౌరీశంకరంగారి తరఫున వచ్చిన మనిషిగా వెళ్తున్నాడు. గడప తొక్కకుండా, గుమ్మం బయటే నుంచుని, ఎత్తు ఏమిటో కనుక్కుని వచ్చేస్తాడు.

రాజోల్లో భీమరాజు ఇంటి ముందు నుంచునేసరికి పదకొండు దాటింది. భీమరాజు కొబ్బరికాయలు దింపించడానికి తోటకి వెళ్ళాడు. ఆయన భార్య బుల్లెమ్మ బయటికొచ్చింది.

"ఎవరండీ?"

"కొత్తపేట నుంచి వచ్చేనమ్మా. గౌరీశంకరంగారి తరఫున."

ఆ మాట వినగానే బుల్లెమ్మ మొహం మారిపోయింది. "అయ్యో, లోపలికి రండి బాబూ."

"వద్దమ్మా. నేను లోపలికి రాకూడదండి."

బుల్లెమ్మ ఒక నిమిషం ఆయన వంక చూసింది. ఎండలో వచ్చిన మనిషి, మొహం పీక్కుపోయి ఉంది. "పోనీ కాసిని మంచినీళ్ళైనా తాగండి. బొండం కొట్టిస్తాను."

పొట్టలో ఏది పడినా నిలవడం లేదు, మళ్ళీ రెండు బస్సులెక్కాలి. "ఏమీ ముట్టనమ్మా, ఇవాళ వద్దు" అన్నాడు గౌరీశంకరం.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరాయి ఇంటి ఇల్లాలు తనని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, మీ ఆయన మోసగాడమ్మా అని ఎలా అంటాడు? తలొంచుకుని, "ఏం లేదమ్మా. కొత్తపేట నుంచి మనిషి వచ్చేడని చెప్పండి చాలు. ఆయనకే అర్థమవుతుంది" అన్నాడు. వెనక్కి తిరిగి, అలవాటు ప్రకారం, "వెళ్తున్నానమ్మా" అని బయల్దేరాడు.

వచ్చినవాడు గడప తొక్కలేదు. మంచినీళ్ళు ముట్టలేదు. వెళ్ళొస్తాననలేదు. ఈ మూడూ చేయని మనిషి ఏ కబురు మోసుకొస్తాడో తెలియడానికి, మాస్టారి జబ్బు సంగతి ముందే విన్న బుల్లెమ్మ హైస్కూల్లో చదవక్కర్లేదు. ఆయన వీధి మలుపు తిరిగేలోగా ఆవిడ తోటకి మనిషిని పంపించింది. పక్కింటివాళ్ళ ఫోన్లోంచి అమలాపురంలో కాశీవిశ్వనాథానికి చెప్పింది.

ముప్ఫై ఎనిమిదేళ్ళు తంతి తపాలా శాఖలో పనిచేసిన కాశీవిశ్వనాథం చేతికి ఒక కబురు అందితే, అది చేరాల్సిన చోటికల్లా చేరి తీరుతుంది. కొత్తపేటలో ఆయనకి తెలిసిన ఫోను నంబరు హైస్కూలుది ఒక్కటే. అక్కడికి చెప్పాడు. బండారులంకలో మగ్గాలు నేయించే పెదబాబు కూడా సంఘం సభ్యుడే. అతన్ని వెంటేసుకున్నాడు, నిబంధన సంగతి ఆ తొందరలో గుర్తు రాలేదు. కొత్తపేటలో బస్సు దిగుతూనే, పాపం ఆ ఇల్లాలు ఒక్కతే ఏం చూసుకుంటుందని, సెంటర్లో ఒక శామియానా, ముప్ఫై కుర్చీలు మాట్లాడాడు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ గౌరీశంకరం గన్నవరం కాలవ వంతెన దగ్గర టైరు పేలిన బస్సులో కూర్చుని, రాజుగారి కుటుంబానికి ఎంత మంచి మనసో కదా అనుకుంటున్నాడు.

కొత్తపేటలో దిగేసరికి మూడైంది. బడి సంచులు తగిలించుకుని ఇద్దరు ఆడపిల్లలు గంతులేస్తూ ఎదురొచ్చారు.

"అప్పుడే బడి వదిలేశారేమ్మా?"

"లెక్కల మాస్టారు పోయేరండి. సెలవిచ్చేసేరు."

"ఏ మాస్టారు?"

"ఎవరో పాత మాస్టారంటండి. మధ్యాహ్నం లెక్కల పరీక్ష కూడా లేదంటండి."

పిల్లల మొహాలు వెలిగిపోతున్నాయి. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో తన వల్ల విద్యార్థులు ఇంత సంతోషపడడం ఇదే మొదటిసారని గౌరీశంకరానికి వెంటనే తోచలేదు. ముందు లెక్క వేసుకున్నాడు. కొత్తపేటలో రిటైరైన లెక్కల మాస్టర్లు ఇద్దరు. ఒకాయన పోయి నాలుగేళ్ళయింది. రెండులోంచి ఒకటి తీసేస్తే ఒకటి.

ఇంటి సందు మొదట్లోనే శామియానా కనిపించింది. ఆ సందులో ఉన్నవి రెండిళ్ళే, రెంటికీ తాళాలే. పొద్దున్న కార్డు వేయడానికి వెళ్ళిన మనిషి పది దాటినా రాకపోయేసరికి వేదవతి పోస్టాఫీసూ, ఆర్‌ఎంపీ డాక్టరు గారిల్లూ, బస్టాండూ తిరిగి, ఆయన గన్నవరం బస్సెక్కాడని తెలుసుకుని, పక్కింటి సుబ్బాయమ్మని తోడు తీసుకుని ఆయన్ని వెతకడానికి వెళ్ళింది. ఆ సంగతి శామియానా కింద ఉన్నవాళ్ళకి తెలీదు. గోదావరి రేవుకి తీసుకెళ్ళిపోయారనుకున్నారు. దండ వేయడానికి మనిషి లేక, తెచ్చిన చామంతి దండ తలుపు తాళానికి తగిలించారు.

ముప్ఫై కుర్చీల్లో ముగ్గురే కూర్చున్నారు. ఒళ్ళో పెద్ద రిజిస్టరుతో ఉన్న సన్నటి మనిషి కాశీవిశ్వనాథం అయ్యుండాలి. కొత్త పంచె మడత పట్టుకుని కూర్చున్నవాడు పెదబాబు. ఇంకొకాయన, బుర్రమీసాల భారీ మనిషి, ఒక మూల కూర్చుని తువ్వాలుతో కళ్ళొత్తుకుంటున్నాడు. గౌరీశంకరం నేను బతికే ఉన్నానండీ అందామని నోరు తెరిచాడు.

"మనలో మాట, ఆయన గొప్ప ఆటగాడేం కాదండి" అంటున్నాడు కాశీవిశ్వనాథం.

గౌరీశంకరం నోరు మూసుకుని చివరి వరసలో కూర్చున్నాడు. తన గురించి ఇలాంటి సభ మళ్ళీ జరిగినా తను వినే అవకాశం ఉండదు.

"ఆయ్. కానీ అంత బాగా ఓడిపోయే మనిషిని నేను చూళ్ళేదండి" అన్నాడు పెదబాబు. "నా చేతిలో నాలుగుసార్లు ఓడిపోయేరు. నాలుగుసార్లూ, మీ గుర్రం చాలా అందంగా వచ్చిందండీ అని రాసేరు."

"దస్తూరీ కూడా ముత్యాల్లా ఉండేదండి" అన్నాడు కాశీవిశ్వనాథం.

"జబ్బు సంగతి రాసినప్పుడు కూడా అదే దస్తూరండి. చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. నాకు మిగిలిన ఎత్తులిన్నేనండి అని రాస్తే ఏం జవాబిస్తామండి? నేను నాలుగు కార్డులు పాడుచేసేను."

గౌరీశంకరం, చమత్కారమనుకుని తను పదిమందికీ రాసి పంపింది ఇదా అనుకున్నాడు. బుర్రమీసాల మనిషి లేచొచ్చి ఆయన పక్క కుర్చీలో కూలబడ్డాడు.

"మీరీ ఊరేనా అండీ?"

"ఆయ్."

"మాస్టార్ని బాగా ఎరుగుదురా?"

"ఏదో, చిన్నప్పట్నుంచీ."

"నా పేరు భీమరాజండి. మాస్టారికి నేను అన్యాయం చేసేనండి." ఆయన జేబులోంచి ఒక కార్డు తీశాడు. చెమటకి తడిసి, ఆరి, అంచులు మెత్తబడిపోయి ఉంది. "ఇరవై రోజులైందండి ఇది రాసి. పోస్టు చెయ్యలేకపోయేను."

"ఓడిపోతున్నానని తెలిసి ఆగేరా?" అడిగాడు గౌరీశంకరం, కాస్త కటువుగానే.

"ఓడిపోవడమేంటండి? ఆ ఏనుగు ఎరండి. మాస్టారు ఎంచక్కా తినేసేరు. ఇప్పుడు నేనీ గుర్రాన్ని ఇటు దూకిస్తే మూడెత్తుల్లో ఆటకట్టు. కార్డు రాసేను, డబ్బా దాకా వెళ్ళేను, చెయ్యి రాలేదండి. పోతున్న మనిషిని ఓడించడమేంటి? పోనీ తప్పుడెత్తు వేద్దామా అంటే, అంత పెద్దమనిషికి జాలి ఎత్తు పంపించడం అవమానం కాదాండీ? కార్డు వెళ్ళకపోతే, గెలుస్తున్నాననే ఆశతోనైనా ఉంటారు గదా అనుకున్నాను."

గౌరీశంకరం తలెత్తలేకపోయాడు. ఇరవై రోజులు తనని జేబులో పెట్టుకు తిరిగిన మనిషిని, తను పొద్దున్నించీ మోసగాడని తిట్టుకుంటున్నాడు. సిగ్గుతో కార్డు చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నాక చూడకుండా ఉండలేకపోయాడు. బల్లంతా కళ్ళ ముందు పరుచుకుంది. గుర్రం దూకింది. రాజు ఎటు జరిగినా దారి లేదు. తొమ్మిదెత్తుల్లో గెలుపని తను వేసిన లెక్కలో ఆ గుర్రమే లేదు.

"ఈ గుర్రాన్ని నేను చూడనే లేదు" అనేశాడు పైకి.

భీమరాజు కళ్ళు తుడుచుకోవడం ఆపి ఆయన వంక చూశాడు. "మీరు చూడ్డమేంటండీ?"

అప్పుడే సందు మొదట్లో రిక్షా ఆగింది. ముందు సుబ్బాయమ్మ దిగింది. వెనక దిగిన వేదవతి చేతిలో ఆయన మందుల సంచీ ఉంది. ఆమె శామియానా చూసింది. కుర్చీలు చూసింది. తలుపుకున్న దండ చూసింది. అరవలేదు, ఏడవలేదు. సంచీ గుండెకి హత్తుకుని అలాగే మట్టిలో కూర్చుండిపోయింది.

రెండు నెలలుగా తను గుమ్మం దిగినప్పుడల్లా ఆ మనిషి లోపల ఏమవుతోందో గౌరీశంకరానికి అప్పుడు కనిపించింది. ఆయన పరిగెత్తాడు. పరిగెత్తగలనని ఆయనకే తెలీదు.

"వేదా, నేనే. ఇదిగో, ఇక్కడే ఉన్నాను."

వేదవతి ఆయన చెయ్యి పట్టుకుని, మణికట్టు నుంచి మోచేతి దాకా తడిమి చూసింది. "గంజి తాగకుండా వెళ్ళేరు" అంది. అప్పుడు ఏడ్చింది.

అందరికీ అన్నీ అర్థమయ్యేసరికి సాయంత్రమైంది. కుర్చీల అద్దె ఎలాగూ రాత్రి దాకా ఉంది కాబట్టి ఎవరూ లేవలేదు. వేదవతి అందరికీ ఉప్మా చేసింది. పెదబాబు, "ఎలాగూ తెచ్చేను కదండీ" అని పంచె చేతిలో పెడితే గౌరీశంకరం అక్కడికక్కడే కట్టుకున్నాడు. పూలదండ పట్టుకొచ్చిన హెడ్మాస్టరు పరీక్ష మర్నాటికి పెట్టించాడు. మాస్టారు బతికే ఉన్నారని విని ఆరో తరగతి పిల్లలు చాలా బాధపడ్డారట.

నిబంధన ఉల్లంఘన మాటేమిటని భీమరాజు భయపడుతూ అడిగాడు. కాశీవిశ్వనాథం రిజిస్టరు తిరగేసి, "పోయిన సభ్యుణ్ణి కలవకూడదని ఎక్కడా లేదండి. మీరు కలిసిన సమయానికి సంఘం రికార్డు ప్రకారం ఆయన లేరు" అని తీర్పిచ్చాడు. కార్డు మాత్రం చేతికివ్వడం చెల్లదన్నాడు. భీమరాజు వెళ్ళి దాన్ని డబ్బాలో వేసొచ్చాడు.

అందరూ వెళ్ళాక వేదవతి ఆయన పక్కన కూర్చుంది. "ఇంక మీదట వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళండి. రుజువు లేకపోయినా సరే. అబద్ధమైనా సరే."

"ఆయ్" అన్నాడు గౌరీశంకరం.

కార్డు నాలుగో రోజున వచ్చింది. ఇప్పుడు ఎత్తు గౌరీశంకరానిది. ఏ ఎత్తు వేసినా మూడింటిలో ఆట అయిపోతుంది. ఆయన పది రోజులకొక కార్డు రాశాడు, ముత్యాల్లాంటి దస్తూరీతో, "ఆలోచిస్తున్నానండి" అని. భీమరాజు పది రోజులకొకసారి, "తొందరేం లేదండి" అని రాశాడు. సంఘం రికార్డు ఇంకా దిద్దలేదు కాబట్టి, నెలకి రెండు ఆదివారాలు బుల్లెమ్మతో కలిసి వచ్చి, ఆట గురించి తప్ప అన్నీ మాట్లాడి వెళ్ళేవాడు. గుమ్మం దాకా వచ్చి సాగనంపడం కష్టమయ్యాక గౌరీశంకరం మంచం మీంచే చెయ్యి ఊపేవాడు. డాక్టరు చెప్పిన ఆరు నెలలూ మార్చితో అయిపోయాయి. ఏప్రిల్ అంతా, మే అంతా గౌరీశంకరం ఆలోచిస్తూనే ఉన్నాడు.

జూన్లో ఆఖరి కార్డు రాజోలు చేరేసరికి ఆయన పోయి మూడు రోజులైంది. భీమరాజు అప్పుడే కొత్తపేట నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ముత్యాలు కాస్త చెదిరాయి గానీ దస్తూరీ ఆయనదే. ఒక్కటే మాట ఉంది, "వెళ్ళొస్తానండి" అని. భీమరాజు కార్డు రెండో వైపు కూడా తిప్పి చూశాడు.

మాస్టారు ఎత్తు మాత్రం రాయలేదు.